తమ్ముడికి ఇవ్వని చీటీ

మన సంఘం పాతికేళ్ళ పుస్తకానికి పెద్దలందరూ తలా ఒక పేజీ రాయాలట. ప్రేమలత టీచరమ్మ మొన్న మా ఇంటికి వచ్చి, నాలుగు తెల్ల కాగితాలు నా చేతిలో పెట్టి, "కుర్మయ్యన్నా, సంఘ పెద్దగ నీ అనుభవాలు రాయి. ఒక్క పేజీ చాలు. మంచి మాటలు రాయి" అని చెప్పి పోయింది. మంచి మాటలు నాకు రావు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంటామె ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. అచ్చు వేస్తే వేయండి, లేదంటే చింపి పారేయండి. ఒక పేజీలో మాత్రం పట్టదు.

ముందు నా ముక్కు సంగతే చెప్పాలి. శంషాబాద్‌లో బస్సుల షెడ్డులో పదిహేడేళ్ళుగా పని చేస్తున్నాను. విమానాశ్రయంలో పని చేసేవాళ్ళను షాద్‌నగర్ నుంచి, రావిర్యాల నుంచి, మైలార్‌దేవ్‌పల్లి నుంచి తెచ్చి దింపే బస్సులవి. డ్రైవరు బండి ఎక్కే ముందు నా ఎదుట నిలబడాలి. తాగి వచ్చాడా లేదా చూసి తాళంచెవి ఇవ్వడం నా పని. నోట్లో పెట్టుకుని ఊదే మిషను తరువాతెప్పుడో వచ్చింది. అది వచ్చాక కూడా నేను ముందు ముక్కుతోనే చూసేవాణ్ణి. సోంపు నమిలి వచ్చినా, పచ్చి ఉల్లిగడ్డ తిని వచ్చినా, దగ్గు మందు తాగానని ఒట్టు పెట్టినా నా దగ్గర నడవలేదు. "కుర్మయ్యన్న ఉండంగ మిషనెందుకు" అని షెడ్డులో అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు కడుపు నిండేది. ఇంటికి పోయి మా ఇంటామెకు చెప్పుకునేవాణ్ణి కూడా.

ఈ పుస్తకం బయటివాళ్ళ చేతిలో కూడా పడుతుందని టీచరమ్మ అన్నది కాబట్టి, మన పద్ధతి కొంచెం చెబుతాను. మన ప్రెస్బిటేరియన్ సంఘంలో బిషప్పు ఉండడు. పాస్టరుగారూ, మనమే ఓట్లు వేసి ఎన్నుకున్న పెద్దలూ కలిసి సంఘాన్ని నడుపుతారు. ఓటు అంటే ఓటే, చీటీ మీద పేరు రాసి డబ్బాలో వేస్తారు. ఏడేళ్ళ కింద నలభై మూడు చీటీల మీద నా పేరు వచ్చింది. నేను మోకాళ్ళ మీద కూర్చుంటే పాస్టరుగారూ పాత పెద్దలూ నా తల మీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే విమానం దిగింది. మన రేకుల కప్పు మీదుగా విమానం పోతుంటే పాస్టరుగారు మాట మధ్యలో ఆపి, అది పోయేదాకా నిలబడతారు. ఆ కాసేపు ఆరుగురి చేతులు నా తల మీద అలాగే ఉండిపోయాయి. మెడ వంగిపోయేంత బరువు. ఆ బరువుకు నేను భయపడవలసింది. గర్వపడ్డాను.

ఒక్కో పెద్దకు పదకొండు ఇళ్ళు అప్పగిస్తారు. మూడు నెలలకు ఒకసారి బల్ల ఆదివారం, అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. దానికి ముందు రోజు శనివారం పెద్ద తన పదకొండు ఇళ్ళకూ వెళ్ళాలి. కూర్చుని మంచీ చెడూ అడగాలి. తగాదాలుంటే తీర్చాలి. అంతా సరిగా ఉంటే, ఆ ఇంట్లో ఒక్కొక్కరికి పేరు రాసిన అట్టముక్క చేతికి ఇవ్వాలి. అదే బల్ల చీటీ. ఆదివారం గుడి గుమ్మం దగ్గర ఆ చీటీ ఇచ్చినవాళ్ళే రొట్టె తీసుకుంటారు. చీటీ లేనివాళ్ళను ఎవరూ బయటికి పొమ్మనరు. వాళ్ళూ వరుసలోనే కూర్చుంటారు. పళ్ళెం తమ దాకా వచ్చినప్పుడు ఏమీ తీసుకోకుండా పక్కవాళ్ళకు అందిస్తారు. చెప్పుకోవడానికి ఇంతే. అందరి ముందూ అలా అందించడం ఎలా ఉంటుందో నాకు చాలాకాలం తెలియదు.

చీటీల మీద పేర్లు, పెద్దల్లో ఒకరైన టీచరమ్మ తన గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. ఇవ్వడం, ఆపడం పెద్ద చేతిలో ఉంటుంది.

నా పదకొండు ఇళ్ళలో ఒకటి మా తమ్ముడు శేఖర్‌ది. బాపు పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు ఇరవై. నా చెప్పులు వేసుకుని ఇల్లంతా తిరిగేవాడు. బడికి పంపింది నేను, పెళ్ళి చేసింది నేను. తాగుడు మాత్రం వాడంతట వాడే నేర్చుకున్నాడు. మంచివాడు, నవ్విస్తాడు, ఎవరింట్లో పని పడినా ముందు వాడే నిలబడతాడు. కానీ మందు పడితే ఏ పనిలోనూ ఆరు నెలలు నిలవడు. భార్య మంజుల, బిడ్డ రూతు ఎన్నిసార్లు మా ఇంట్లో వచ్చి పడుకున్నారో లెక్క లేదు.

రెండేళ్ళ కింద జనవరిలో బల్ల ఆదివారం నాడు వాడు తాగి వచ్చాడు. ముందు రోజు నా చేతులతో నేనే చీటీ ఇచ్చాను, అప్పుడు బాగానే ఉన్నాడు. ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెం అందుకోబోయి జారవిడిచాడు. ఇరవై నాలుగు చిన్న గ్లాసులు. తెల్లచీర కట్టుకున్న ముసలమ్మ ఒడి నిండా ఎర్రగా అయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారం పెద్దలం కూర్చున్నాం. అందరూ నా మొహం చూస్తున్నారు. నేనే లేచి అన్నాను: "నా తమ్ముడని మీరు మొహమాటపడొద్దు. ఏడాది చీటీ ఆపుదాం. ఏడాది మొత్తం మందు ముట్టకుంటే మళ్ళ ఇద్దాం." అందరూ సరే అన్నారు. పాస్టరుగారిది రాజమండ్రి వైపు, మెత్తగా మాట్లాడే మనిషి. "కుర్మయ్యగారూ, శేఖర్ ఇంటిని ఈ ఏడాదికి వేరే పెద్దకు అప్పగిద్దామా? మీకు కష్టమవుతుందేమో" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా ముక్కు కన్నా గట్టి సాక్ష్యం మీకెక్కడ దొరుకుతదన్నాను. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో తీర్మానం అయిపోయింది.

శేఖర్ గొడవ చేస్తాడనుకున్నాను. చేయలేదు. తల వంచుకుని విని, "న్యాయమే అన్నా" అన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి మానేశాడు. ఎలా మానేశాడో నాకు తెలియదు. మొదటి నెల చేతులు వణికి అన్నం కలుపుకోలేకపోయేవాడని, మంజులే కలిపి పెట్టేదని తరువాత విన్నాను. విమానాల లోపల శుభ్రం చేసే కంపెనీలో పనికి కుదిరాడు. దిగిన విమానం మళ్ళీ ఎగిరేలోపు సీట్లు తుడిచి, చెత్త ఎత్తి, బాత్రూములు కడగాలి. అదీ వదలకుండా చేశాడు. ఇంట్లో క్యాలెండరు మీద రోజుకొక గీత పెట్టేది రూతు.

ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక వాడు తానం చేసిన ఒంటితో, ఉతికిన బట్టలతో మా ఇంటికి వచ్చి నా ఎదుట నిలబడి నోరు తెరిచేవాడు. రమ్మని నేను చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. "చూడు అన్నా, నీ షెడ్డు డ్రైవర్ లెక్క వచ్చి నిలబడ్డ. తాళంచెవి ఇస్తవా?" అనేవాడు. నేను వాసన చూసి తల ఊపేవాణ్ణి. నలభై ఏళ్ళ మనిషి, ఎదిగిన బిడ్డ తండ్రి, మా ఇంటామె ముందు, ఒక్కోసారి చుట్టాల ముందు కూడా అలా నోరు తెరిచి నిలబడ్డాడు. సిగ్గుపడవలసింది ఎవరో అప్పుడు నాకు తెలియలేదు.

ఏప్రిల్ బల్ల, జూలై బల్ల, అక్టోబర్ బల్ల. మూడుసార్లు వెనక వరుసలో కూర్చుని పళ్ళెం పక్కకు అందించాడు. నాలుగోది మళ్ళీ జనవరిలో, ఏడాది నిండిన ఆదివారం. ఆ రోజుకు ఇంకో విశేషం ఉంది. పదహారేళ్ళ రూతు పాస్టరుగారి దగ్గర పాఠాలన్నీ పూర్తి చేసి, ఆ రోజే సంఘం ముందు నిలబడి తన విశ్వాసం ఒప్పుకుని మొదటిసారి రొట్టె తీసుకోబోతోంది. తన పక్కన తండ్రి కూర్చోవాలి. ఇద్దరూ ఒకే పళ్ళెంలోంచి తీసుకోవాలి. ఏడాదంతా ఆ ఇంట్లో ఇదే ముచ్చట. శేఖర్ కోరుకున్నదీ అదొక్కటే. నాతో ఒకసారి అన్నాడు కూడా, "ఆ ఒక్క దినం మంచిగ నడిస్తే చాలు అన్నా, ఇగ నాకేం వద్దు" అని.

ఆ శనివారం మూడు చీటీలు అంగీ జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండు అవుతోంది. మార్కెట్టు వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. మంజుల గుమ్మం కడిగి ముగ్గు వేసి ఉంది. నేను స్కూటరు ఆపేసరికి సందు మొదట్లో ఆటో దిగి శేఖర్ ఉరికి వస్తున్నాడు. కంపెనీ బట్టల్లోనే ఉన్నాడు. ఎగశ్వాసతో వచ్చి నా చేతులు పట్టుకుని "వచ్చినవా అన్నా" అని నవ్వాడు.

గుప్పున వాసన వచ్చింది.

నేను చేతులు విడిపించుకున్నాను. వాడి కళ్ళు చూశాను, ఎర్రగా ఉన్నాయి. చేతులు చూశాను, వణుకుతున్నాయి. ఇన్నేళ్ళ పనిలో నాకు ఇంతకంటే ఏం కావాలి?

"ఏంది శేఖర్ ఇది?" అన్నాను.

వాడికి మొదట అర్థం కాలేదు. తరువాత తన అంగీ తనే వాసన చూసుకుని, "ఓ ఇదా. పనికాడి స్పిరిట్ అన్నా. ఇయ్యాల విమానంల ఎవరో మస్తు కక్కుకున్నరు. పది సీట్లు కడిగి స్పిరిట్ కొట్టి తుడిచినం. మీద వడ్డది" అన్నాడు.

"తానం చేసి బట్టలు మార్చుకుని రాకపోయినవా?"

"పన్నెండింటికి నువ్వొస్తవని మంజుల చెప్పింది. నేను లేనని చూసి ఎల్లిపోతవేమోనని అట్లనే ఉరికొచ్చిన. రాత్రి డ్యూటీ అన్నా, ఇప్పటిదాక సాగింది, నిద్ర లేదు."

దగ్గు మందన్నవాళ్ళను చూశాను. హోమియో గోలీలన్నవాళ్ళను చూశాను. కొడుకు గాయానికి టించరు పూస్తే చేతికి అంటిందన్నవాణ్ణి చూశాను. స్పిరిట్ అన్నవాడు ఇప్పుడు నా ఇంట్లోనే తయారయ్యాడనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

"ఏడాది ఆగినోనివి ఒక్క దినం ఆగలేకపోయినవా?"

"తాగలే అన్నా." వాడు గట్టిగా కూడా అనలేదు. "నీ షెడ్డు మిషను ఉన్నది కదా. పది నిమిషాల తొవ్వ. పోదాం పా, ఊదుత."

ఇక్కడ నేను నిజం రాయాలి. ఆ మిషను దగ్గరికి తీసుకుపోతే తేలిపోయేది. నేను తీసుకుపోలేదు. ఎందుకంటే శనివారం మధ్యాహ్నం షెడ్డు నిండా డ్రైవర్లుంటారు. కుర్మయ్య తమ్ముడు కుర్మయ్య ఎదుట గొట్టం నోట్లో పెట్టుకుని ఊదడం వాళ్ళు చూస్తారు. అదొకటి. రెండోది, మిషను మీద ఆధారపడ్డానంటే నా ముక్కు ఏం కావాలి? ఇంత చిన్న సంగతి. దీని కోసం నా తమ్ముడిని పణంగా పెట్టాను.

"నాకు మిషను అక్కర లేదు" అన్నాను.

మంజుల గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమె చీటీ ఆమెకిచ్చాను. రూతు చీటీ రూతుకిచ్చాను. ఆ పిల్ల తీసుకుని తండ్రి మొహం చూసింది. మూడో చీటీ మళ్ళీ నా జేబులో పెట్టుకున్నాను. ప్రార్థన చేయకుండానే స్కూటరు ఎక్కాను. దారిలో నాకు ఏడుపు వచ్చింది. న్యాయం చేసినందుకు ఏడుస్తున్నాననుకున్నాను, అంత మూర్ఖుణ్ణి.

మరునాడు వాడు రాడనుకున్నాను. వచ్చాడు. తెల్ల అంగీ వేసుకుని వచ్చి, వెనక వరుసకు పోకుండా, రూతు పక్కన మూడో వరుసలో కూర్చున్నాడు. చీటీ లేదు కాబట్టి తినడు, కానీ బిడ్డ పక్కన కూర్చోకుండా ఎవడు ఆపుతాడు? రూతు నిలబడి పాస్టరుగారు అడిగిన వాటికి చక్కగా జవాబులు చెప్పింది. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆ వరుసకు పళ్ళెం తీసుకుపోవలసింది నేనే. వరుస మొదట్లో శేఖర్. నా చేతిలోంచి పళ్ళెం అందుకున్నాడు. ఈసారి చేతులు వణకలేదు. రొట్టె వైపు చూడకుండా రూతుకు అందించాడు. రూతు పళ్ళెం పట్టుకుని కూర్చుంది. విమానం వస్తోంది, పాస్టరుగారు ఆగారు. గుడి మొత్తం ఆగింది. ఆ చప్పుడు పోయేదాకా ఆ పిల్ల ఆ రొట్టె ముక్కలు చూస్తూనే ఉంది. తరువాత ఏమీ తీసుకోకుండా తల్లికి అందించేసింది.

జేబులో చీటీ ఉన్న మనిషి అలా అందించడం మన సంఘంలో నేనెప్పుడూ చూడలేదు. నేను ఆ పిల్ల మీద కూడా కోపం తెచ్చుకున్నాను. బయటికి వచ్చాక "ఏంది బిడ్డా గిట్ల చేసినవ్" అంటే, "బాపు తిన్ననాడే తింట పెద్దబాపు" అని చెప్పి పోయింది.

ఆ ఆదివారం శేఖర్ మా ఇంటికి రాలేదు. ఆ తరువాతి ఆదివారం గుడికీ రాలేదు.

మూడు వారాలు గడిచాయి. మా షెడ్డుకు కొత్త పని వచ్చింది, విమానాలు కడిగేవాళ్ళను తిప్పే బస్సు. వేరే కంపెనీ బస్సు మానేస్తే మాకిచ్చారు. మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి ఆ బస్సు పనివాళ్ళతో సహా షెడ్డుకు వచ్చింది, డీజిల్ కోసం. డ్రైవరు దిగి నా దగ్గరికి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టబోయాడు. గుప్పున అదే వాసన.

"తాగినవ్" అన్నాను.

"పొద్దుగాల మీరే చూసి పంపిండ్రు కదనే. ఊదుత, తెండ్రి" అన్నాడు. కుర్రవాడు కాదు, నా వయసువాడే. ఊదాడు. సున్నా వచ్చింది. మళ్ళీ ఊదించాను. మళ్ళీ సున్నా. మిషను చెడిపోయిందనుకుని ఇంకొకటి తెప్పించాను. అందులోనూ సున్నానే.

నేను ఆ బస్సు ఎక్కాను. లోపల ఇరవై మంది దాకా ఉన్నారు, ఎక్కువ మంది ఆడవాళ్ళు, రాత్రంతా పని చేసి కిటికీలకు తలలు ఆనించి కూర్చున్నారు. బస్సంతా శేఖరే ఉన్నట్టుంది. ముందు సీట్లో మైమూనా అనే పెద్దామె ఉంది, మెడలో కంపెనీ కార్డు మీద పేరు చూశాను.

"ఏంది భయ్యా, గట్ల చూస్తున్నవ్?" అన్నది.

"ఈ వాసన ఏందమ్మా?"

"స్పిరిట్ భయ్యా. సీట్లకు, టీవీలకు కొట్టి తుడుస్తం కదా. రెండుసార్లు తానం చేసినా పోదు. నా మన్మడు సుత దగ్గరికి రాడు." ఆమె తన చున్నీ కొస నా వైపు చాపింది. "ఏం, మేమందరం తాగొచ్చినమనుకున్నవా?"

బస్సులో అందరూ నవ్వారు. నేను ఆ చున్నీ వాసన చూశాను. ఆమె ఇంకేదో అడుగుతోంది, నాకు వినబడలేదు. బస్సు దిగి మెట్టు మీదే కూర్చుండిపోయాను. ముందు శేఖర్ గుర్తొచ్చాడు. ఆ తరువాత దగ్గు మందు అన్నవాళ్ళు, టించరు అన్నవాడు, నేను పని లేదని ఇంటికి పంపినవాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళలో ఎంతమంది నిజం చెప్పారో ఇక నాకు ఎన్నటికీ తెలియదు.

శేఖర్ చీటీ నా జేబులోంచి బైబిలులోకి, అందులోంచి బల్ల సొరుగులోకి మారింది. చింపడానికి మనసు రాలేదు. అది తీసుకుని వాళ్ళింటికి పోయాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ పోయాను. కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. వచ్చే బల్ల దాకా ఆగకుండా పాస్టరుగారిని అడిగి వాళ్ళింట్లోనే రొట్టె ఇప్పిద్దామనుకున్నాను. రూతుకు కూడా చెప్పి, ముగ్గురినీ పక్కపక్కన కూర్చోబెట్టి. సంతోషం కూడా కలిగింది నాకు ఆ దారిలో.

శేఖర్ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పనికి పోయే వేళ, కానీ లుంగీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"శేఖర్, తప్పయిపోయిందిరా" అన్నాను. "అది స్పిరిటే. నేను ఇయ్యాల బస్సుల చూసిన. నువ్వు చెప్పింది నిజమేరా." చీటీ ముందుకు చాపాను.

వాడు చీటీ తీసుకోలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచి, నా మొహానికి దగ్గరగా వచ్చి, ఆదివారాలు తెరిచినట్టే నోరు తెరిచాడు.

"చూడు అన్నా" అన్నాడు.

చూడవలసిన పని లేకపోయింది.

"నిజం చెప్పిననాడు తాగినోణ్ణి అన్నవ్" అన్నాడు. వాడి మాటలో కోపం లేదు, అలసట ఉంది. "ఇయ్యాల తాగిన. ఇయ్యాల చీటీ తెచ్చినవ్. ఎట్ల తీసుకుందునే? నీ రూలే కదా. జేబుల పెట్టుకో."

"నా వల్లనే కదరా నువ్వు మళ్ళ..."

"ఉహు. తాగింది నేను. నీ మీద ఎయ్య." మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "ఆ ఆదివారం సాయంత్రం ఒక్క బుడ్డి తెచ్చుకున్న. రూతు చూసి క్యాలెండర్ తీసి లోపట పెట్టింది. ఒక్క మాట అనలే అది."

లోపలి నుంచి మంజుల వచ్చింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె నా ముందు తల ఎత్తి మాట్లాడింది అదొక్కసారే.

"ఏడాది మొత్తం ఆయన మీ ముంగట నోరు తెరిచి నిలబడ్డడు బావా. మీరు నోరు చూసిండ్రు. ఆ నోట్లకెల్లి వచ్చిన మాట ఒక్కనాడన్న ఇన్నరా?"

చీటీ మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మంజులే లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎంత కోపంలో ఉన్నా వచ్చినవాడికి నీళ్ళివ్వడం ఆమె మరిచిపోలేదు. తాగి వచ్చేశాను.

ఆ వారమే పెద్దల ముందు అంతా చెప్పి, నన్ను తీసేయమన్నాను. పాస్టరుగారు "చేతులుంచి నియమించినదాన్ని తీసెయ్యడం ఉండదండి కుర్మయ్యగారూ. మీరు పని చేయకుండా ఉండొచ్చు, అంతే" అన్నారు. టీచరమ్మ ఏడ్చింది. "ఒక్క నీ ముక్కు మీద మేమందరం ఓటేసినం కదన్నా. ఒక్కలమన్న శేఖర్‌ను పిలిచి అడగలే" అన్నది. మంచి మనసుతోనే అన్నది. నా బరువు మాత్రం తగ్గలేదు. నా పదకొండు ఇళ్ళు వేరేవాళ్ళకు పంచారు. షెడ్డులో కూడా ఇప్పుడు అందరికీ మిషనే. నన్ను చూడమని ఎవరైనా అంటే వద్దంటాను.

శేఖర్ పని పోయింది. మంజుల ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంటకు పోతోంది. వాడు రెండు వారాలు ఆపుతాడు, మళ్ళీ మొదలుపెడతాడు. నేను పోతుంటాను, కూర్చుంటాను. పాత ముచ్చట్లు చెబుతాడు, నవ్విస్తాడు కూడా. ఆ శనివారం సంగతి ఇద్దరం ఎత్తం.

ఏప్రిల్ బల్లకు ముందు శనివారం టీచరమ్మ నా చీటీ తెచ్చింది. తీసుకోలేదు. బతిమాలింది, అయినా తీసుకోలేదు. ఆదివారం పోయి వెనక వరుసలో కూర్చున్నాను. ఇన్నేళ్ళు పళ్ళెం పట్టుకుని ఆ వరుస దాకా నడిచానే కానీ అందులో ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడ ఫ్యాను గాలి కూడా రాదు.

పాట సగంలో శేఖర్ వచ్చాడు. జనవరి తరువాత గుడికి రావడం అదే మొదలు. రూతు చేయి పట్టుకుని తెచ్చింది. నన్ను వెనక వరుసలో చూసి ఆగిపోయాడు, తరువాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడి పక్కన రూతు. ఏవో వాసనలు వచ్చాయి. సబ్బు వాసన, చెమట వాసన, ఇంకేదో. నాకు తెలియలేదు. ప్రమాణం చేసి రాస్తున్నాను, అది ఏమిటో నాకు తెలియలేదు.

పాస్టరుగారు రొట్టె విరిచారు. ముందు వరుసల నుంచి పళ్ళెం కదిలింది. శేఖర్ నా వైపు వంగి, మెల్లగా, "అన్నా, వాసన వస్తున్నదా?" అన్నాడు.

"తెల్వదురా" అన్నాను. "నువ్వు చెప్పు. నువ్వేది చెప్తే అదే నమ్ముత."

వాడు నన్ను చూశాడు. చిన్నప్పుడు నా చెప్పులు వేసుకుని దొరికిపోయినప్పుడు అలాగే చూసేవాడు.

"తాగిన అన్నా" అన్నాడు. "పొద్దుగాల."

నమ్మాను. నలభై ఏళ్ళలో వాడు చెప్పిన మాట వెంటనే నమ్మింది అదే మొదటిసారి.

పళ్ళెం వచ్చింది. నేను అందుకుని వాడికి ఇచ్చాను. వాడు రూతుకు ఇచ్చాడు. రూతు పక్కవాళ్ళకు అందించింది.